ఈ పూట దిగను

జలుబు చేసినా గుమాస్తా ఆఫీసుకు వెళ్తాడు. ముక్కు తుడుచుకుంటూనే మేస్టారు పాఠం చెప్తారు. స్కూబా డైవింగ్ నేర్పే మనిషికి మాత్రం ఆ చిన్న జలుబే, ఇవాళ పని చేయాలా వద్దా అన్న పెద్ద ప్రశ్న అయి కూర్చుంటుంది. కర్ణభేరికి అవతల, మధ్య చెవిలో, చిన్న గాలిగది ఒకటుంది. దాన్ని గొంతు వెనుక భాగంతో కలిపే సన్నటి గొట్టమే యూస్టేకియన్ నాళం. సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకీ ఒక వాతావరణం చొప్పున పీడనం పెరుగుతుంది. నీటి పైన ఒకటి ఉంటే 10 మీటర్ల దగ్గర రెండు, 20 దగ్గర మూడు. అంటే తొలి 10 మీటర్లు దిగేసరికే పీడనం రెట్టింపవుతుంది, ఇంకోసారి రెట్టింపు కావాలంటే 30 మీటర్ల దాకా పోవాలి. చెవులు ఎక్కువగా సతాయించేది తొలి కొద్ది మీటర్లలోనే కావడానికి కారణం ఇదే. డైవర్ ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊది, ఆ నాళం గుండా లోపలి పీడనాన్ని బయటి పీడనానికి సరిసమానం చేస్తుంటాడు. జలుబుతో నాళం వాచిందంటే ఆ దారి మూసుకుపోతుంది. అప్పుడు కర్ణభేరి లోపలికి వంగుతుంది, మొండికేసి ఇంకా దిగితే చిట్లుతుంది. డైవర్లకు తగిలే దెబ్బల్లో చెవికి తగిలేవే ఎక్కువ. ముక్కు దిబ్బడ తగ్గే మాత్ర వేసుకుని దిగేవాళ్లూ ఉన్నారు. అడుగున ఉండగా మాత్ర పని తీరిపోతే కష్టం తిరగబడుతుంది: పైకి వచ్చేకొద్దీ వ్యాకోచించే గాలికి చెవిలోంచి బయటపడే దారి ఉండదు.

సెలవులకు వెళ్లిన మనిషి 'ఇవాళ వద్దులే' అనుకుంటే పోయేది ఒక పూట సరదా. దాని మీదే బతికేవాడు ఆ మాట అంటే పోయేది ఆ రోజు సంపాదన, బుక్ చేసుకుని ఎదురుచూస్తున్న నలుగురు అతిథులు, కొన్నిచోట్ల వచ్చే సీజన్‌కి ఉద్యోగం కూడా. స్కూబాను బతుకుతెరువుగా ఎంచుకోవాలా అని ఆలోచించే యువతీయువకులు సాధారణంగా తమకు సముద్రమంటే ఎంత ఇష్టమో కొలుచుకుంటారు, ఈత ఎంత బాగా వచ్చో చూసుకుంటారు. అవి రెండూ కావాల్సినవే. కానీ అంతకంటే ముందు తేల్చుకోవాల్సినది, దిగకూడని పూట 'దిగను' అని చెప్పగల స్థితిలో ఉంటామా లేదా అన్నది. ఇది వ్యక్తి గుణానికి సంబంధించిన ప్రశ్నలా కనిపిస్తుంది. దీని వేళ్లు మాత్రం భౌతికశాస్త్రంలోనూ, శరీరధర్మశాస్త్రంలోనూ, కొంత అర్థశాస్త్రంలోనూ ఉన్నాయి.

గోలీ సోడా తెలిసినవాళ్లకు డైవర్ ఒంట్లో జరిగేది అర్థం కావడం తేలిక. మూత బిగించి ఉన్నంతసేపూ గ్యాసు నీళ్లలో కరిగి, కంటికి కనబడకుండా ఉంటుంది. గోలీ లోపలికి పోగానే పీడనం తగ్గి బుడగలు పొంగుకొస్తాయి. పీడనం పెరిగిన కొద్దీ ద్రవంలో కరిగే వాయువు పెరుగుతుందని చెప్పే హెన్రీ సూత్రం సీసాకీ నెత్తురుకీ ఒకటే. డైవర్ పీల్చే గాలిలో నాలుగు పాళ్లకు మూడు పాళ్ల పైగా నత్రజనే. లోతున ఉన్నంతసేపూ అది కరిగి రక్తంలోకి, కొవ్వులోకి, కీళ్లలోకి చేరుతూనే ఉంటుంది. గబుక్కున పైకి వస్తే బుడగలవుతుంది. ఈ సంగతి మనుషులకు మొదట తెలిసింది సముద్రంలో కాదు, గనుల్లో, ఆ తర్వాత వంతెనల పునాదుల్లో. న్యూయార్క్‌లో బ్రూక్లిన్ వంతెనకు పునాది తవ్వడానికి బోర్లించిన పెట్టెల్లాంటి కైసన్‌లను నది అడుగుకు దించి, నీళ్లు రాకుండా లోపల గాలిని అధిక పీడనంతో నింపి, కార్మికుల చేత పని చేయించారు. షిఫ్టు దిగి పైకి వచ్చిన కార్మికులు కీళ్లనొప్పులతో ముడుచుకుపోయారు, కొందరికి కాళ్లు పడిపోయాయి, కొందరు చనిపోయారు. నిర్మాణం నడిపిస్తున్న ఇంజినీరు వాషింగ్టన్ రోబ్లింగ్ కూడా ఆ జబ్బుతో మంచం పట్టాడు. 1872లో మన్‌హాటన్ వైపు కైసన్ దాదాపు 24 మీటర్ల లోతుకు చేరింది. రాతిపొర ఇంకా కిందే ఉంది. అక్కడిదాకా తవ్వాలంటే ఇంకెన్ని ప్రాణాలు పోతాయోనని లెక్క చూసుకుని, గట్టిపడిన ఇసుక మీదే ఆపేయమన్నాడు. ఆ స్తంభం నేటికీ ఆ ఇసుక మీదే నిలబడి ఉంది. ఈ జబ్బుకు కారణం నత్రజని బుడగలేనని ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ బెర్ట్ పుస్తకంగా అచ్చువేసింది ఆరేళ్ల తర్వాత, 1878లో. కారణం తెలియకముందే ఇక చాలు అనగలిగిన మనిషిగా రోబ్లింగ్‌ని ఈ చరిత్రలో నేను ప్రత్యేకంగా గుర్తు పెట్టుకుంటాను.

కారణం తెలిశాక లెక్క కావాల్సి వచ్చింది. ఎంతసేపు ఉండొచ్చు, ఎంత మెల్లగా రావాలి? బ్రిటిష్ నౌకాదళం కోసం జాన్ స్కాట్ హాల్డేన్ మేకలను పీడన గదిలో పెట్టి పరీక్షలు చేసి, 1908లో తన సహచరులతో కలిసి తొలి పట్టికలు ప్రకటించాడు. శరీరంలోని కణజాలాలన్నీ ఒకే వేగంతో గ్యాసును పీల్చుకోవు, వదలవు అన్నది ఆయన ఊహలోని కీలకం. కొన్ని 5 నిమిషాల్లో సగం నిండితే కొన్నిటికి 75 నిమిషాలు పడుతుందని లెక్కకట్టాడు. ఈ రోజు డైవర్ల మణికట్టు మీద కనిపించే కంప్యూటర్ ఆ ఊహకు మనవడే. చాలా కంప్యూటర్లలో ఉండేది స్విట్జర్లాండ్ వైద్యుడు ఆల్బర్ట్ బ్యూల్‌మన్ 16 రకాల కణజాలాలతో రూపొందించిన లెక్క, లేదా దాని బంధువు. చేతికి కంప్యూటర్ ఉండగా ఇక భయమెందుకని కొందరు అంటారు. అది కొలిచేది లోతునీ కాలాన్నీ మాత్రమే. మీ నెత్తుర్లో ఎంత నత్రజని ఉందో అది చూడలేదు. రాత్రి నిద్ర చాలని ఒంటికీ, ఎండలో పడవ మీద నీళ్లు తాగకుండా కూర్చున్న ఒంటికీ, డైవ్ ముగిశాక పదిహేనేసి కిలోల సిలిండర్లు మోసిన ఒంటికీ, హాయిగా నిద్రపోయి వచ్చిన ఒంటికీ అది ఒకే అంకె చూపిస్తుంది. పరిమితి దాటని డైవ్ తర్వాత కూడా రక్తనాళాల్లో చప్పుడు చేయని బుడగలు తిరుగుతుండడాన్ని అల్ట్రాసౌండ్ పరికరాలు ఎప్పుడో పట్టించాయి. చాలామందిలో వాటిని ఊపిరితిత్తులు వడకట్టేస్తాయి. కానీ సుమారు నలుగురిలో ఒకరికి గుండె పైగదుల మధ్య, తల్లి కడుపులో ఉన్నప్పటి చిన్న ద్వారం పూర్తిగా మూసుకోదు. మామూలు బతుకులో దానివల్ల ఏ ఇబ్బందీ ఉండదు. బుడగలు మాత్రం ఆ దారిన వడపోత తప్పించుకుని ధమనుల్లోకి చేరగలవు. అందువల్ల కంప్యూటర్ 'సరే' అన్నప్పుడు కూడా మనిషి 'వద్దు' అనాల్సిన రోజులుంటాయి. యంత్రం చూడలేనివి ఆ మనిషికే తెలుసు కాబట్టి.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. పర్యాటకులకు తొలి రుచి చూపించే డైవ్‌లు 12 మీటర్లు దాటవు, అంత తక్కువ లోతులో నత్రజని ఎంత కరుగుతుంది, దానికింత హడావుడి దేనికి అంటారు. నిజమే, ఆ లోతులో పోగయ్యే నత్రజని కొంచెమే. కానీ వృత్తి డైవర్‌కి లోతు కంటే ఎక్కడం దిగడం ఎక్కువ. అతిథి రోజుకు ఒకసారి దిగుతాడు, వెంట ఉన్న ఇన్‌స్ట్రక్టర్ మూడుసార్లో నాలుగుసార్లో దిగుతాడు. మధ్యలో ఒకరు భయపడి పైకి వస్తే తోడు వచ్చి, మళ్లీ కిందకు పోతాడు. ప్రతి దిగుడుకూ చెవులు సరిచేసుకోవాలి, ప్రతి ఎక్కుడుకూ ఊపిరితిత్తుల్లోని గాలి వ్యాకోచిస్తుంది. 10 మీటర్ల నుంచి పైకి వచ్చేసరికి గాలి ఘనపరిమాణం రెట్టింపవుతుందన్నది బాయిల్ సూత్రం. ఊపిరి బిగబట్టి లేస్తే ఒకటిన్నర మీటరు లోతు నుంచి కూడా ఊపిరితిత్తులు చిట్లే ప్రమాదం ఉంది. గాభరాపడిన కొత్త మనిషి చేసేది సరిగ్గా అదే: ఊపిరి బిగబట్టి పైకి తన్నుకుంటాడు. అతన్ని పట్టుకుని ఊపిరి వదిలించాలంటే ఇన్‌స్ట్రక్టర్ కూడా వెంట లేవాలి, తన లెక్క ఏమైనా సరే. వినోదానికి దిగేవాళ్లకు తమ డైవ్ ఎలా సాగాలో తమ చేతిలో ఉంటుంది, నేర్పేవాళ్లకు అది ఎదుటివాడి గుండెదడ చేతిలో ఉంటుంది.

ఆ ఎదుటివాడిని కాస్త దగ్గర నుంచి చూద్దాం. రెండు మీటర్ల నీళ్లలో, ఇసుక మీద మోకాళ్లూని ఒక విద్యార్థి. మాస్క్‌లోకి కొంచెం నీళ్లు రానిచ్చి, మాస్క్ పైఅంచును నుదుటికి నొక్కిపట్టి, తలెత్తి ముక్కుతో గాలి ఊదితే ఆ నీళ్లు కింది అంచు నుంచి బయటికి పోతాయి. ఒడ్డున చెబితే అరనిమిషం పాఠం. నీళ్లు ముక్కును తాకగానే శరీరం ఆ పాఠాన్నంతా మర్చిపోతుంది. కళ్లు పెద్దవవుతాయి. నోటి దగ్గరున్న రెగ్యులేటర్ మీదికి చెయ్యి పోతుంది, దాన్ని పీకేయడానికి. బుడగలు ఒక్కసారిగా ఆగిపోతాయి, అంటే ఊపిరి బిగబట్టాడన్నమాట. అనుభవం ఉన్న ఇన్‌స్ట్రక్టర్ ఒక చేత్తో ఆ రెగ్యులేటర్‌ను నోటికి అదిమిపట్టి, ఇంకో చేత్తో విద్యార్థి బీసీడీ (గాలి నింపి తేలేందుకు వాడే జాకెట్) పట్టీని పట్టుకుని, తన కళ్లను అతని కళ్ల ముందు నిలిపి, ఊపిరి వదలమని చేత్తో సైగ చేస్తాడు. బుడగలు మళ్లీ మొదలయ్యేదాకా కదలడు. వెనకాల తాబేలు పోయినా, చేపల గుంపు పోయినా చూడడు. ఈ పనిలో చూడాల్సింది బుడగలనీ, కళ్లనీ, పీడనం మీటరునీ. ఇదే పనిలో ఆనందం దొరికేవాళ్లు నిజంగా ఉన్నారు. భయపడినవాడు పది నిమిషాల తర్వాత ప్రశాంతంగా ఈదుతుంటే చూసి పొంగిపోయేవాళ్లు వాళ్లు. పగడాల కోసం వచ్చినవాళ్లు మాత్రం ఈ వృత్తిలో తొందరగా అలసిపోతారు.

గాలి లెక్క కూడా ఇందులో భాగమే. 12 లీటర్ల సిలిండర్‌ని 200 బార్లకు నింపితే అందులో పట్టేది 2,400 లీటర్ల గాలి. నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి నీటి పైన అది రెండు గంటలొస్తుంది. 20 మీటర్ల లోతున పీడనం మూడు రెట్లు కాబట్టి 40 నిమిషాలే. బెదిరి రెట్టింపు వేగంతో పీలిస్తే 20 నిమిషాలకు అడుగంటుతుంది. ఇది అరుదుగా వచ్చే ముప్పు కాదు. 1992 నుంచి 2003 వరకు జరిగిన 947 వినోద డైవింగ్ మరణాలను పరిశీలించి 2008లో ప్రచురించిన ఒక విశ్లేషణలో, మొదట ఏది తప్పిందో తేల్చగలిగిన కేసుల్లో 41 శాతం గాలి చాలకపోవడంతోనే మొదలయ్యాయి. పరికరం పాడవడం 15 శాతమే. ఈ అంకెల్ని నేను చదివే తీరు ఇది: సొరచేపలూ తుఫానులూ కాదు, మీటరు చూసి 'ఇక చాలు, పైకి పోదాం' అనాల్సిన నిమిషంలో అనకపోవడమే ఎక్కువ ప్రాణాలు తీస్తోంది.

అనకపోవడానికి అజ్ఞానం ఒక కారణం, అవసరం ఇంకో కారణం. అవసరం ఎంత దూరం తీసుకెళ్తుందో చూడాలంటే హోండురాస్ తూర్పు తీరానికి వెళ్లాలి. అక్కడి మిస్కిటో తెగవాళ్లు సముద్రం అడుగున లాబ్‌స్టర్లు ఏరి బతుకుతారు. పీల్చేది మనం పీల్చే గాలినే, వీపున ఉండేది అలాంటి సిలిండరే. కానీ లోతు కొలిచే పరికరాలు లేకుండా, సరైన శిక్షణ లేకుండా, రోజుకు లెక్కకు మించి సిలిండర్లు ఖాళీ చేస్తూ దిగారు. పట్టిన లాబ్‌స్టర్ల బరువును బట్టి డబ్బు. వందల మందికి నడుము కింద చచ్చుబడింది. 2021లో అంతర్ అమెరికా మానవ హక్కుల న్యాయస్థానం దీనికి హోండురాస్ ప్రభుత్వానిదే బాధ్యత అని తేల్చింది. రిసార్టులో నేర్పే ఇన్‌స్ట్రక్టర్‌కీ ఈ జాలరికీ పోలికేమిటని అడగవచ్చు. రక్షణ ఏర్పాట్లలో పోలిక లేదు, నిజమే. ఒంట్లోని నత్రజనికి మాత్రం ఇద్దరూ ఒకటే. భుజం, తుంటి కీళ్ల దగ్గర ఎముక చచ్చుబడే జబ్బు కైసన్ కార్మికుల్లో, వాణిజ్య డైవర్లలో, డైవ్ చేసే జాలర్లలో కనిపించింది. సరదాగా దిగేవాళ్లలో అది అరుదు. ఎన్నిసార్లు దిగావు, ఎవరి నిర్ణయం మీద దిగావు అన్నదే తేడా.

మన దగ్గరి లెక్క చూద్దాం. అండమాన్‌లో, స్వరాజ్ ద్వీప్ చుట్టూ, మంచి సీజన్ అక్టోబరు నుంచి మే దాకా. నైరుతి ఋతుపవనాలు దిగితే పని సన్నగిల్లుతుంది. కర్ణాటకలో మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణి ద్వీపం వానాకాలంలో మూతపడుతుంది. విశాఖపట్నం రుషికొండ దగ్గర డైవింగ్ ఉంది, కానీ బంగాళాఖాతంలో వానాకాలపు అలలూ, నదులు తెచ్చే బురదా, ఆపైన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫానుల భయమూ నీళ్లు తేటగా ఉండే రోజుల్ని తగ్గిస్తాయి. అంటే ఏడాది సంపాదన ఏడెనిమిది నెలల్లోనే రావాలి. విద్యార్థికింత, డైవ్‌కింత అని లెక్కగట్టే పద్ధతి ఈ రంగంలో చాలా దేశాల్లో మామూలే. రద్దీ సీజన్‌లో జలుబు చేస్తే, ఆ వారం దిగకపోవడం అంటే రాబోయే జూన్, జులై నెలల బియ్యం మీద కోత. ఇక శిక్షణ సంగతి. డైవింగ్ శిక్షణ ఇచ్చే పాడీ సంస్థ పద్ధతిలో, ఇన్‌స్ట్రక్టర్‌కి ముందు మెట్టయిన డైవ్‌మాస్టర్ కావడానికి 60 డైవ్‌లు, ఇన్‌స్ట్రక్టర్ పరీక్షకు 100 డైవ్‌లు, డైవర్‌గా ఆరు నెలల కాలం ఉంటే చాలు. డైవ్‌కి ముప్పావు గంట వేసుకున్నా వంద డైవ్‌లంటే నీటి కింద 75 గంటలు. నిబంధనల ప్రకారం సరిపోవచ్చు. ఆరు నెలల్లో సున్నా నుంచి ఇన్‌స్ట్రక్టర్ అయిన వ్యక్తి, పైగా కోర్సు కోసం అప్పు చేసిన వ్యక్తి, యజమాని ముందు 'ఈ పూట దిగను' అనగలడా? అనుభవం లేకపోవడం, అప్పు ఉండడం, రెండూ కలిసి ఆ మాటను గొంతులోనే ఆపేస్తాయి. అందుకే ఈ దారిలో తొందరపడవద్దని గట్టిగా చెప్తున్నాను. వంద డైవ్‌లకు బదులు రెండు మూడు వందలు, ఒకే చోట కాకుండా తేట నీళ్లలోనూ మసక నీళ్లలోనూ ప్రవాహంలోనూ చేసి, సొంత డబ్బుతో మెల్లగా వెళ్లినవాళ్లకు వద్దనే ధైర్యం దానంతట అదే వస్తుంది.

ఏ పనిలో ప్రమాదం లేదు, లారీ నడిపేవాడికి లేదా, కరెంటు స్తంభం ఎక్కే లైన్‌మన్‌కి లేదా అనే వాదన తరచూ వినిపిస్తుంది. ఉంది. వాళ్ల విషయంలోనూ నేనడిగేది ఇదే ప్రశ్న. సరఫరా ఆపారని తేలకుండా ఎక్కనని చెప్పగల లైన్‌మన్ బతుకుతాడు. ప్రమాదం తక్కువా ఎక్కువా అన్నది ఒక లెక్క, ఆ ప్రమాదం మీద పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయన్నది వేరే లెక్క. వయసులో ఉన్నాం, ఒళ్లు తట్టుకుంటుంది అనే మాట ఇంకొంత బలమైనది. వయసు గుండెకు మేలే. కానీ చెవి నాళానికి వయసుతో పనిలేదు, గుండె గదుల మధ్య మూతపడని ద్వారం ఇరవై ఏళ్లవాడికీ ఉంటుంది. పైగా ఈ వృత్తిలో వయసే కొంత చిక్కు తెస్తుంది: పాతికేళ్లకు వద్దనలేకపోయిన ప్రతి పూటా నలభై ఏళ్లకు కీళ్లలో లెక్క అడుగుతుంది.

ఇంకో మాట. నీటి కింద పని అంటే పర్యాటకులకు నేర్పడమొక్కటే కాదు. నౌకాదళంలో డైవర్లుంటారు, సముద్ర చమురు బావుల దగ్గర వాణిజ్య డైవర్లుంటారు, పగడపు దిబ్బలను లెక్కించే పరిశోధకులుంటారు. నౌకాదళంలోనూ పెద్ద వాణిజ్య సంస్థల్లోనూ డైవ్ ఆపే అధికారం పడవ మీది పర్యవేక్షకుడికి రాతపూర్వకంగా ఉంటుంది. పరిశోధకుడికి జీతం డైవ్‌ల సంఖ్య మీద ఆధారపడదు. వద్దనే మాటకు ఖరీదు తక్కువగా ఉన్న చోట్లు ఇవి. పగడాల సంగతీ ఇందులో కలుస్తుంది. సముద్రం వేడెక్కి, ప్రపంచవ్యాప్తంగా పగడాలు తెల్లబారిపోవడం నాలుగోసారి జరుగుతోందని 2024 ఏప్రిల్‌లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. ముప్పై ఏళ్ల ఉద్యోగానికి దిగేవాళ్లు ఆ ముప్పై ఏళ్లలో పర్యాటకులు చూడవచ్చేది మిగులుతుందా అని కూడా అడగాలి. నేర్పడంతో పాటు పగడాల సర్వే పద్ధతులు కూడా నేర్చుకున్న డైవర్‌కి, వానాకాలంలో కూడా చేయడానికి పని దొరికే అవకాశం ఎక్కువ.

తెలుగువాళ్లకు ఒక సౌలభ్యం ఉంది, దాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి. అండమాన్‌లో తెలుగు మాట్లాడే కుటుంబాలు తరాలుగా ఉన్నాయి, పర్యాటకుల్లోనూ మనవాళ్లు ఉంటారు. నీటి కింద సైగలకు భాష అక్కర్లేదు. కానీ పడవ మీద కూర్చుని, చెవులు ఎలా సరిచేసుకోవాలో, ఊపిరి ఎందుకు బిగబట్టకూడదో అమ్మభాషలో వివరించి, 'అమ్మా, మీకు నొప్పిగా ఉంటే చెప్పండి, తిరిగి వచ్చేద్దాం, డబ్బు సంగతి తర్వాత' అనగలిగిన ఇన్‌స్ట్రక్టర్ దొరికితే ఆ అతిథి గుండెదడ సగం తగ్గుతుంది. వద్దనే హక్కు అతిథికి కూడా ఉండాలి కదా. ఆ హక్కును ఇవ్వగలిగేది తనకు ఆ హక్కు ఉన్న మనిషే.

కాబట్టి ఉద్యోగంలో చేరబోయే ముందు చేయాల్సిన పనులు చాలా మామూలువి. డైవింగ్ వైద్యం తెలిసిన డాక్టరు చేత చెవులూ ఊపిరితిత్తులూ గుండే చూపించుకోవడం. ఆరోగ్య ప్రకటన పత్రంలో ఉబ్బసం ఉంటే ఉందనే రాయడం. వానాకాలం నాలుగు నెలలకు చాలే డబ్బో, వేరే పనో ముందే చూసుకోవడం. ఆ కేంద్రంలో ఓ వారం మామూలు అతిథిగా దిగి చూడటం. పడవలో ఆక్సిజన్ సిలిండర్ ఉందా, దాన్ని వాడటం ఎవరికి వచ్చు, పీడన గది ఉన్న ఆసుపత్రికి పడవలో ఎన్ని గంటలు పడుతుంది అని అడగడం. చివరగా అక్కడ పనిచేస్తున్న ఇన్‌స్ట్రక్టర్‌ని పక్కకు పిలిచి రెండు సంగతులు కనుక్కోవడం: పోయిన సీజన్‌లో నీళ్లు బాగోలేవని ఎన్ని రోజులు పడవ ఆపారు, నీకు జలుబు చేసిన రోజు జీతం ఎవరిచ్చారు. రెండో ప్రశ్నకు ఆ మనిషి యజమాని కూర్చున్న వైపు చూసి నవ్వి ఊరుకుంటే, ఇంకో ద్వీపంలో ఇంకో కేంద్రం వెతుక్కోవడం మంచిది.